ఉమ్మడి పాతర

ఈ సంవత్సరపు సంచికకు ఏదైనా వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు కోరినప్పుడు మేము ముగ్గురమూ కొంత సందేహించాము. కంప్యూటరు విభాగమువారు వ్రాసేది ఎవరు చదువుతారు? ఈ పుటలలో ఏటేటా కవితలుంటాయి, విహారయాత్రల విశేషములుంటాయి, ఉర్దూ భాగములో గజళ్ళుంటాయి. మా పని ఒక చల్లని గదిలో గుయ్యిమని మ్రోగే పెట్టెలతోటి. కాని 2024 జూలైలో రసీదులు చేతబట్టుకొని ఆఫీసు వరండాలో బారులు తీరి నిలబడిన విద్యార్థినీ విద్యార్థులు నేటికీ మమ్ము కలిసినప్పుడు "అసలు అప్పుడేమి జరిగింది సార్?" అని అడుగుతూనే ఉన్నారు. కమిటీ పెద్దలు మర్యాదకొద్దీ అడగరు. ఇరువురికీ మేము జవాబు బాకీపడి ఉన్నాము.

2019కి ముందు మా కళాశాలలో ఆఫీసుకొక కంప్యూటరు, గ్రంథాలయమునకొకటి, పరీక్షల విభాగమునకొకటి – ఎవరి కాపురము వారిది. ఒకటి పాడైతే ఆ విభాగము మూతపడేది, తక్కినవి నడిచేవి. ఆ యంత్రములు ముసలివైనాయి. కొన్నింటికి విడిభాగములు కూడ దొరకడము మానివేశాయి. అప్పుడు కమిటీవారు మంజూరు చేసిన నిధులతో మూడు సర్వర్లను, ఎనిమిది డిస్కులుగల ఒక నిల్వపెట్టెను కొన్నాము. పాత యంత్రములన్నింటినీ వర్చువల్ మెషీన్లుగా మార్చి వాటిలోనికి ఎక్కించాము.

వర్చువల్ మెషీనును తెలుగులో ఏమనవలెనో మాకు తోచలేదు. మాయాయంత్రము అంటే గారడీవాని పెట్టె గుర్తుకు వస్తుంది, మిథ్యాయంత్రము అంటే వేదాంతము. కనుక వాడుకలో ఉన్న మాటనే ఉంచుతున్నాము. ఒక నిజమైన సర్వరు మీద ఒక ప్రోగ్రాము కూర్చుండి, తన జ్ఞాపకశక్తిని, ప్రాసెసరును భాగములుగా పంచి, పది యంత్రములున్నట్లు నటిస్తుంది. పదింటిలో ప్రతిదీ ఈ సర్వరంతా తనదే అనుకొంటుంది. ఇది క్రొత్త ఆలోచన ఏమీ కాదు. ఐబీఎం కంపెనీవారు 1972లోనే తమ పెద్ద యంత్రములకు వీఎం/370 అనే పేరుతో ఈ ఏర్పాటును విడుదల చేశారు. మనవంటివారు కొనగలిగే సర్వర్లకు 2001లో వీఎంవేర్‌వారి ఈఎస్ఎక్స్ వచ్చింది. 2007లో లినక్సులోనే కేవీఎం అనే భాగము చేరిన తరువాత చిన్న కళాశాలలకు కూడ ఇది అందుబాటులోనికి వచ్చింది. మేము వాడుతున్నది ఈ చివరిదానినే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. ఇటువంటి యంత్రమునకు డిస్కు అంటే ఒక పెద్ద ఫైలు మాత్రమే. ఆ ఫైలు ఎక్కడ ఉండవలెను? సర్వరులోనే ఉంటే ఆ సర్వరు ఆగిననాడు యంత్రమూ ఆగుతుంది. అట్లుకాక మూడు సర్వర్లకూ అందేటట్లు ఒక ఉమ్మడి పెట్టెలో ఉంచితే, ఏ సర్వరైనా దానిని నడపగలదు. నడుస్తున్న యంత్రమును ఆపకుండానే ఒక సర్వరు నుండి మరొకదానికి మార్చవచ్చును కూడ. జ్ఞాపకములో ఉన్నదంతా అవతలికి నకలు చేస్తారు. ఆలోపల మారిన పుటలను మరల నకలు చేస్తారు. మిగిలినది కొద్దిగా ఉన్నప్పుడు ఒక్క క్షణము ఆపి, అక్కడ మొదలుపెడతారు. డిస్కు కదలనవసరము లేదు కనుకనే ఇది సాధ్యము. అయితే రెండు సర్వర్లు ఒకే ఫైలులో ఒకేసారి వ్రాస్తే, ఇద్దరు గుమాస్తాలు ఒకే లెడ్జరులో ఒకే వరుసమీద వ్రాసినట్లే అవుతుంది. అందుకే తాళముల ఏర్పాటు ఉంటుంది. ఒకదానితో ఒకటి మాటలు తెగిపోయినప్పుడు ఎవరిది పెత్తనమో తేల్చడానికి మూడింట రెండు ఓట్లు కావలెను. రెండుతో సరిపెట్టక మూడు సర్వర్లు కొనడములో రహస్యము ఇదే.

మా జిల్లా పల్లెల నుండి వచ్చే విద్యార్థులకు పాతర అంటే తెలుసు. నేలలో గొయ్యి త్రవ్వి, గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన మన్ను కప్పేవారు. ఏండ్ల తరబడి గింజ చెడేది కాదు, నీరు దిగకుండా ఉన్నంతకాలము. మేము చేసినది అన్ని కాపురముల గింజనూ ఒకే పాతరలో పోయడము.

2019 డిసెంబరులో కమిటీవారిని పిలిచి ఒక ప్రదర్శన ఇచ్చాము. గ్రంథాలయపు యంత్రము నడుస్తున్న సర్వరు తీగను అందరి ఎదుట పెరికివేశాము. మూడు నిమిషములలో అది ప్రక్క సర్వరు మీద లేచి, పుస్తకముల జాబితాను తెరమీద చూపింది. అందరూ సంతోషించారు. మేము ఇంకా సంతోషించాము. అప్పుడు ఒక వృద్ధ సభ్యులు నిల్వపెట్టె వైపు చూపి "ఈ పెట్టెకే ఏమైనా అయితేనో?" అని అడిగారు. "ఇందులో ఎనిమిది డిస్కులున్నాయండీ, ఒకటి పోయినా చుక్క సమాచారము పోదు. ఇక భయము లేదు" అన్నాము. ఆయన అడిగినది పెట్టెను గురించి, మేము చెప్పినది డిస్కును గురించి. ఆ తేడా ఆనాడు మాకు తట్టలేదు. నిజము చెప్పవలెనంటే, తట్టనివ్వలేదు. రెండవ పెట్టెకు డబ్బు అడగడమంటే చేసిన ప్రదర్శనను చెడగొట్టుకోవడమే కదా!

ఆయన ఎందుకు అడిగారో కర్నూలులో పుట్టినవారికి వివరించనక్కరలేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి ఊరిలోనికి వచ్చినప్పుడు మా కళాశాల ఆఫీసు గది నిలువునా మునిగింది. దశాబ్దముల ప్రవేశపు రిజిస్టర్లు నీటిలో నానాయి. నీరు తీసిన తరువాత వాటిని మేడమీద పరచి, పుటకు పుట విడదీసి ఆరబెట్టినవారు మా ఆఫీసు అటెండరు. కళాశాల అంతా ఆయనను చాచా అనే పిలుస్తుంది, మేమూ అట్లే పిలుస్తాము. ఆ తరువాత చాచాకు ఒక అలవాటు ఏర్పడింది. రోజూ ఆఫీసులో జమ అయిన ప్రతి పైకమునూ, కట్టినవారి పేరును, తరగతిని ఒక పొడుగాటి చిట్టాలో ఉర్దూలో వ్రాసుకొని, సాయంత్రము గుడ్డసంచిలో పెట్టుకొని ఇంటికి తీసుకొనిపోయేవారు. ఆయన ఇల్లు మెరకమీద ఉన్నది. కంప్యూటరు రసీదులు వచ్చిన తరువాత కూడ ఆ చిట్టా ఎందుకని మేము పరిహాసమాడేవారము. "కాగితము తడిస్తే ఆరబెట్టుకోవచ్చు సార్, మీ డబ్బా తడిస్తే ఏమి చేస్తారు?" అనేవారు నవ్వుతూ.

ఇక 2024 జూలై. పన్నెండవ తేదీ శుక్రవారమునాడు నిల్వపెట్టెలో ఒక డిస్కు పోయింది. దిగులుపడలేదు. ఏడు అంకెలు వ్రాసి ఎనిమిదవ చోట వాటి మొత్తమును వ్రాసుకొంటే, ఒక అంకె చెరిగిపోయినా మొత్తములో నుండి తక్కినవి తీసివేసి దానిని రాబట్టవచ్చును. రెయిడ్ అయిదు అనే పద్ధతి సుమారుగా ఇదే. శనివారము క్రొత్త డిస్కు పెట్టాము. పోయిన అంకెలను లెక్కకట్టి నింపడము మొదలయింది. ఈ పనికి మిగిలిన ఏడు డిస్కులను మొదటినుండి చివరి వరకు చదవవలెను. ఒక్కొక్కటి 4 టెరాబైట్లు, వెరసి 28. మేము పొదుపుకొరకు కొన్న సాధారణపు డిస్కులకు తయారీదారులిచ్చే హామీ ఏమిటంటే, కోటి కోట్ల బిట్లు చదివితే ఒకసారి చదవలేకపోవచ్చునని. కోటి కోట్ల బిట్లంటే పన్నెండున్నర టెరాబైట్లు. ఈ లెక్క పెట్టె కొన్ననాడే కాగితముమీద వేయదగినది. పైగా ఎనిమిదింటినీ ఒకేరోజు, ఒకే దుకాణములో, ఒకే పెట్టెలో నుండి కొన్నాము. ఒకే వయస్సు, ఒకే చాకిరి. మొదటిదానికి వచ్చిన జబ్బు రెండవదానికి రావడములో వింత ఏమున్నది? పధ్నాలుగవ తేదీ ఆదివారము తెల్లవారుజామున రెండవ డిస్కు కూడ పోయింది. మూడు సర్వర్లూ నిక్షేపముగా ఉన్నాయి. వాటిమీద నడవడానికి ఏమీ లేదు.

బ్యాకప్ తీసుకోలేదా అని అడుగుతారు. ప్రతి రాత్రీ తీసుకొన్నాము. అదే పెట్టెలో, వేరొక అరలో! స్నాప్‌షాట్లు కూడ ఉన్నాయి. అవీ అందులోనే. స్నాప్‌షాట్ అనేది అసలు ఫైలుకు అంటుకొని ఉండే గుర్తు, నిన్నటి పొరపాటును దిద్దుకోవడానికి పనికివస్తుంది గాని అసలే లేనినాడు దానికి బ్రతుకు లేదు. బ్యాకప్ తీసే ప్రోగ్రాము కూడ ఒక వర్చువల్ మెషీనే, అదీ లోపలే. అన్నింటికంటె సిగ్గుచేటు ఏమిటంటే, సర్వర్ల పాస్‌వర్డులు వ్రాసుకొన్న పట్టిక కూడ ఆఫీసు యంత్రములోనే ఉన్నది. తాళముచెవిని ఇంట్లో పెట్టి బయట తాళము బిగించినట్లయింది. ఆ ఆదివారము మధ్యాహ్నము మాలో ఒకరు తన పాత నోటుపుస్తకములు వెదకి వాటిలో రెండింటిని రాబట్టారు. మూడవదానిని మొదటినుండి స్థాపించుకొన్నాము.

మిగిలినది ఒకే ఒక నకలు. మే 30న ఒక మార్పును ప్రయత్నించి చూడడానికని మాలో ఒకరు యంత్రములన్నింటినీ బయటి డిస్కులోనికి ఎక్కించి ఇంటికి తీసుకొనివెళ్ళి, తిరిగి తేవడము మరచిపోయారు. ఆ మరుపే మమ్ము కాపాడింది. దానితో సోమవారము రాత్రికి కళాశాల లేచి నిలబడింది, నలుబదియైదు రోజుల క్రిందటి కళాశాల. ఆ నలుబదియైదు రోజులే క్రొత్తవారు చేరే కాలము. మూడువందలకు పైగా విద్యార్థుల పేర్లు, కట్టిన ఫీజులు, స్కాలర్‌షిప్పుకొరకు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రముల నమోదు ఏదీ అందులో లేదు. స్కాలర్‌షిప్పు గడువు తొమ్మిది రోజులలో ఉన్నది.

ప్రిన్సిపాలుగారికి ఉన్నది ఉన్నట్లు చెప్పాము. ఆయన కోపించలేదు. "మరి పిల్లల దగ్గర కాగితములుంటాయి కదా" అన్నారు. ఆ విధముగా మీరందరూ రసీదులతో వరండాలో నిలబడవలసివచ్చింది. మా తప్పునకు నకలు మీ జేబులలోను, మీ అమ్మల పెట్టెలలోను దొరికింది. కొందరు రసీదును ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చారు. ఒకరు రసీదు వెనుక సరుకుల జాబితా వ్రాసుకొన్నారు, అదీ పనికివచ్చింది. రెండవ రోజున ఒక అబ్బాయి తండ్రితో వచ్చాడు. తండ్రి ఆటో నడుపుతారు. రసీదు చొక్కా జేబులో ఉండగా బట్టలు ఉతికారు. ముద్దయిన కాగితమును బల్లమీద పెట్టి "కట్టినాను సార్, పిల్లోని మీద ఒట్టు" అన్నారు ఆయన. మేము ఏమి చెప్పగలము? మా దగ్గర ఆయన కట్టినట్లూ లేదు, కట్టనట్లూ లేదు. అప్పటివరకు మూల నిలబడి ఉన్న చాచా ఏమీ మాట్లాడకుండా సంచిలో నుండి చిట్టా తీసి, పుటలు త్రిప్పి, వేలుపెట్టి చూపారు. పేరు, తరగతి, జూన్ 21, పైకము. ఆ తండ్రికి ఉర్దూ చదవడము రాదు. అయినా ఆ అంకెను గుర్తుపట్టారు.

రసీదులు లేని మరి పదునొకండుగురి లెక్క కూడ ఆ చిట్టాయే తేల్చింది. అయితే దానిలో ధ్రువపత్రముల సంఖ్యలు లేవు, ఉండవు కదా. కొందరు ఆదాయపత్రములకొరకు మరల తిరుగవలసివచ్చింది. ఇద్దరికి గడువులోపల అందలేదు. ఆ ఇద్దరి ఫీజునూ ఆ ఏటికి కమిటీవారే తమ నిధినుండి భరించారు. ఇది చాలమందికి తెలియదు కనుక ఇక్కడ వ్రాస్తున్నాము. ఆ సొమ్ము రెండవ నిల్వపెట్టె ఖరీదులో కొంత భాగమైనా అయ్యేదని కూడ వ్రాయవలెను.

పెద్దవారికి కూడ ఇటువంటివి జరిగాయని తరువాత చదివాము. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో అయిదంతస్తుల డేటాకేంద్రము ఒకటి కాలిపోయినప్పుడు, బ్యాకప్పును కూడ ఆ ఆవరణలోనే ఉంచుకొన్న ఖాతాదారులు కొందరు రెంటినీ పోగొట్టుకొన్నారు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరములో ప్రభుత్వ సమాచారకేంద్రమునందు లిథియం బ్యాటరీలనుండి మంటలు లేచి, ఉద్యోగులు తమ పని దస్త్రములు దాచుకొనే ఉమ్మడి నిల్వ పూర్తిగా నాశనమయింది. 858 టెరాబైట్లు. అంత పెద్దదానికి బయట నకలు తీయడము కష్టమని తీయలేదట. చదివినప్పుడు మాకు ఊరట కలుగలేదు. మనది 28 టెరాబైట్లే, కష్టమనే సాకు కూడ లేదు.

చేతులు కాలిన తరువాత పట్టుకొన్న ఆకులను గురించి కొద్దిగా చెబుతాము. మొదట కమిటీవారి ఎదుట రెండు ప్రశ్నలుంచాము. ఏదైనా జరిగితే ఎంత పాత లెక్కతో సరిపెట్టుకోగలరు? ఎంతసేపు ఆగగలరు? పుస్తకములలో వీటికి పెద్ద పేర్లున్నాయి, మాకు ఈ ప్రశ్నలే చాలు. ఆఫీసుకు ఒక గంట పాతదనము, నాలుగు గంటల ఆలస్యము మించరాదన్నారు. గ్రంథాలయము రెండు రోజులు ఆగగలదు, చేతితో వ్రాసి పుస్తకములివ్వవచ్చును. ప్రయోగశాలలో మీరు అభ్యాసము చేసే యంత్రములకు బ్యాకప్పే లేదు, అవి పోతే పూటలో మరల తయారుచేస్తాము. ఈ తీర్పు మేము ఇచ్చుకోదగినది కాదు, కమిటీయే ఇవ్వవలెను. 2019లో అడగవలసిన ప్రశ్నలు ఇవి.

తరువాత గ్రంథాలయ భవనము రెండవ అంతస్తులో రెండవ పెట్టె పెట్టాము. పదిహేను నిమిషములకొకసారి మొదటిదానిలోని మార్పులు దానికి చేరుతాయి. ప్రతి అక్షరమూ రెండు చోట్లా పడిన తరువాతనే ముందుకు నడిచే పద్ధతి కూడ ఉన్నది, అది బ్యాంకులకు తగినది. కాంతి గాజుతీగలో నూరు కిలోమీటర్లు పోయి రావడానికి ఒక మిల్లీసెకండు పడుతుంది, ప్రతి వ్రాతకూ అంత ఆగవలెను. మాకు పదిహేను నిమిషములు చాలును. కాని ఎవరైనా పొరపాటున చెరిపివేసినా, దుండగుల ప్రోగ్రాము ఫైళ్ళకు తాళము వేసినా, ఆ పాడూ పదిహేను నిమిషములలో అవతలికి చేరుతుంది. కనుక రాత్రి బ్యాకప్పు వేరుగా ఉన్నది. నిర్ణీత దినములు గడిచేవరకు దానిని మేము కూడ చెరపలేము. పీటర్ క్రోగ్ అనే ఛాయాచిత్రకారుడు తన బొమ్మల భద్రతకొరకు ప్రచారము చేసిన లెక్క ఒకటున్నది: మూడు ప్రతులు, రెండు రకముల సాధనములు, ఒకటి వేరే చోట. ఆ వేరే చోటు ఏదని చాలసేపు వాదించుకొన్నాము. తుంగభద్ర చేరలేని ఊరు కావలెనన్నాము. అనంతపురములోని ఒక మిత్రకళాశాలవారితో మాట్లాడుకొని, వారి డిస్కు మా బీరువాలో, మా డిస్కు వారి బీరువాలో ఉంచుకొంటున్నాము. సంకేతలిపిలో ఉంటుంది కనుక ఎవరిది ఎవరూ చదువలేరు. దానిని విప్పే వాక్యము సీలువేసిన కవరులో ప్రిన్సిపాలుగారి బీరువాలోను, కరస్పాండెంటుగారి ఇంటిలోను ఉన్నది. ఏ యంత్రమును ముందు లేపవలెను, దేనిని తరువాత అనే వరుసను కాగితముమీద అచ్చువేసి గోడకు అంటించాము. అవును, కాగితముమీదనే.

మూడు నెలలకొకసారి రెండవ శనివారమునాడు మొదటి పెట్టె లేదనుకొని అన్నింటినీ మరల లేపి చూస్తున్నాము. మొదటిసారి ఘోరముగా విఫలమైనాము. ఆఫీసు యంత్రము లేచింది గాని అందులోని లెక్కల డేటాబేసు తెరుచుకోలేదు. అది వ్రాస్తుండగా మధ్యలో నకలు తీయడమే కారణము. ఒక వాక్యము సగములో ఆగిన ఉత్తరము వంటిది. ఇప్పుడు నకలుకు ముందు దానిని ఒక్క క్షణము నిలిపి, చేతిలోని పని ముగించుకొమ్మని చెబుతున్నాము. రెండవసారి తొమ్మిది గంటలు పట్టింది. మొన్నటిసారి మూడు గంటల ఇరువది నిమిషములు.

కమిటీవారికి ఒక మనవి మిగిలి ఉన్నది. రెండు భవనములలోని రెండు పెట్టెలకూ వచ్చే విద్యుత్తు ఒకే స్తంభమునుండి వస్తున్నది. గ్రంథాలయమునకు వేరే జనరేటరు అడిగిన దరఖాస్తు మీ వద్దనే ఉన్నది.

చాచా ఈ మార్చిలో పదవీవిరమణ చేశారు. చిట్టాను మాకు అప్పగించారు. ఉర్దూ విభాగపు విద్యార్థిని ఒకరు దానిని కొనసాగిస్తున్నారు. మొన్నటి పరీక్షలో అనంతపురము డిస్కునుండి లేపిన లెక్కలను చిట్టాతో సరిచూశాము. అన్నీ సరిపోయి ఒక్కచోట మూడువందల యాబది రూపాయల తేడా వచ్చింది. ఎవరిది తప్పో ఇంకా తేలలేదు. రానున్న రెండవ శనివారము చాచా వస్తానన్నారు.